మార్గదర్శి చదివిన రాళ్లు

ఢిల్లీ నగరాన్ని ఒక్క రోజులో చూపించే పద్ధతి ఒకటి ఉన్నది. ఉదయం ఏడు గంటలకు బస్సు కదులుతుంది. బిర్లా మందిరం, కుతుబ్ మీనార్, హుమాయూన్ సమాధి, రాజ్‌ఘాట్, ఎర్రకోట వరుసగా వస్తాయి. చీకటి పడేసరికి ఇండియా గేట్ దగ్గర యాత్ర ముగుస్తుంది. ఒక్కొక్క చోట నలభై నిమిషాల వ్యవధి. అందులో సగం టికెట్ల వరుసకూ, మంచినీళ్లకూ, తప్పిపోయిన పిల్లలను వెతుక్కోవడానికీ చెల్లిపోతుంది. మిగిలిన ఇరవై నిమిషాలలో ఎనిమిది వందల సంవత్సరాల చరిత్రను యాత్రికుల చెవిని వేయవలసిన బాధ్యత గైడు మీద పడుతుంది.

అతని చేతిలో ఉన్న సాధనం కథ ఒక్కటే. ఒక రాజు, ఒక రాణి, కొంత ప్రేమ, కొంత ద్రోహం, చివర కాస్త నెత్తురు. ఇవి తగుపాళ్లలో కలిస్తే వినేవారు సంతోషిస్తారు; దిగేటప్పుడు చేతిలో పది రూపాయలు ఎక్కువ పెడతారు. కథ నిజమా అని అడిగే తీరిక ఎవరికీ ఉండదు. పెద్ద గైడు నోటి నుంచి చిన్న గైడు నోటికి ఈ కథలు ఆస్తిలాగా సంక్రమిస్తాయి. కాలం గడిచేకొద్దీ కథ పెరుగుతుంది, కట్టడం మాత్రం చిన్నదైపోతుంది.

ఢిల్లీలో ముప్ఫయి ఏళ్లుగా ఈ వృత్తిలో ఉన్న ఒక తెలుగు గైడు కూడా ఇలాగే ప్రారంభించారు. తండ్రి కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా ఆ నగరానికి వెళ్లినవారు. కుమారునికి హిందీ, ఉర్దూ మాటలు వీధిలో అబ్బాయి. తెలుగు ఇంట్లో నిలిచింది. దక్షిణాది నుంచి వచ్చే యాత్రికులకు ఈ మూడూ తెలిసినవాడు దొరకడం అదృష్టమే. మొదటి పదేళ్లూ ఆయన తాను విన్న కథలనే వినిపించారు. ఉక్కు స్తంభాన్ని వెనుదిరిగి రెండు చేతులతో చుట్టగలిగినవాడు అదృష్టవంతుడని చెప్పి యాత్రికుల చేత ఆ పని చేయించేవారు. చేతులు అందినవారు నవ్వేవారు, అందనివారు ఇంకా ఎక్కువ నవ్వేవారు. ఆ స్తంభం ఏమిటో, ఎందుకు తుప్పు పట్టలేదో చెప్పవలసిన అవసరం ఆయనకు ఎన్నడూ కలగలేదు. 1997లో పురావస్తు శాఖవారు స్తంభం చుట్టూ కంచె వేసిన తరువాత ఆ వినోదానికి తెరపడింది. చెప్పడానికి ఇంకేమైనా ఉండాలి కదా అని ఆయన మొదటిసారి పుస్తకం తెరిచారు.

పుస్తకం చెప్పిన సంగతి కథ కంటె వింతగా ఉన్నది. 7 మీటర్ల పైచిలుకు పొడవు, దాదాపు 6 టన్నుల బరువు గల ఆ స్తంభం గుప్తుల కాలానిది. దాని మీది సంస్కృత శాసనం చంద్రుడనే రాజును కీర్తిస్తుంది. అతడు రెండవ చంద్రగుప్తుడేనని చరిత్రకారులలో అధికసంఖ్యాకుల అభిప్రాయం. ఆనాటి కమ్మరులు బొగ్గుతో కరిగించి, సమ్మెటలతో అతికిన ఇనుములో భాస్వరం పాలు ఎక్కువ. ఆ భాస్వరం వల్ల ఇనుము మీద పలుచని రక్షణపొర ఏర్పడి, పదహారు శతాబ్దాల వానలకు స్తంభం తట్టుకున్నది. అదృష్టం కౌగిలించుకున్నవారిది కాదు. దానిని చేసిన కమ్మరుల చేతిది.

అయితే గైడుకు కళ్లు తెరిపించిన గురువు పుస్తకం కాదు. గోదావరి ప్రాంతం నుంచి కుటుంబంతో వచ్చిన ఒక తాపీమేస్త్రీ. కుతుబ్ ఆవరణలోని మసీదు ముందు ఎత్తయిన రాతి తెర ఒకటి ఉన్నది. 1198లో దానిని నిలబెట్టారు. ఆ మసీదుకు 27 దేవాలయాల రాళ్లు వాడినట్లు అక్కడి శాసనమే చెబుతుంది. గైడు ఆ తెరను చూపించి, భారతదేశంలో ఇవి తొలినాటి ముస్లిం కమానులని ధోరణిగా చెప్పుకుపోతుండగా మేస్త్రీ దగ్గరకు వెళ్లి, రాళ్ల సందులను పరకాయించి చూశాడు.

“గైడు గారూ, ఇది కమాను కాదండి,” అన్నాడు. “రాతి మీద రాయి పడుకోబెట్టి, పై రాయిని క్రింది రాయి కంటె కాస్త కాస్త ముందుకు జరుపుకుంటూ పోయారండి. చివరకు రెండు వైపులా కలిశాయి. ఆ ఒంపు ఉలితో చెక్కినదే. మన పాత గుళ్ల కప్పులు ఇలాగే వేసేవారండి.”

నిజమైన కమాను వేరు. అందులో రాళ్లు పడుకొని ఉండవు. ఆప్పుల ఆకారంలో చెక్కిన రాళ్లు విసనకర్ర ఆకుల వలె ఒకదానిని ఒకటి ఒరుసుకొని నిలబడతాయి. నడినెత్తిన చివరి రాయి దిగగొట్టగానే పై బరువంతా రాళ్లను ఇంకా బిగిస్తుంది. ఈ రహస్యం పశ్చిమాసియాలో అప్పటికే తెలుసు. కాని కుతుబ్ దగ్గర పని చేసినవారు ఈ నేల మీది శిల్పులు. కమాను కావాలని ఏలిక ఆజ్ఞాపించాడు, ఆకారం ఇచ్చారు. కట్టుబడి మాత్రం తమ తాతలు నేర్పినదే ఉంచారు.

ఆ సాయంత్రం యాత్రికులను బసకు చేర్చిన తరువాత గైడు మళ్లీ మెహ్రౌలీ వెళ్లారు. కుతుబ్‌కు నడిచిపోదగిన దూరంలో తుప్పల మధ్య సుల్తాన్ బల్బన్ సమాధి ఉన్నది. 1287 ప్రాంతపు ఆ శిథిలంలో మేస్త్రీ చెప్పిన ఆప్పు రాళ్లు కనిపించాయి. మన దేశంలో ఇప్పటికి నిలిచి ఉన్న నిజమైన కమానులలో మొదటిదిగా విద్వాంసులు దానినే పేర్కొంటారు. అక్కడి నుంచి 1311 నాటి అలాయీ దర్వాజాకు వస్తే కమాను పూర్తిగా చేతికి వచ్చిన పనితనం కానవస్తుంది. మొదటి తెరకూ బల్బన్ సమాధికీ నడుమ దాదాపు తొంబై ఏళ్లు. అంటే తాత నేర్వనిది మనుమడు నేర్చాడు. ఈ మూడు కట్టడాల మధ్య నడక అరగంట కంటె ఎక్కువ పట్టదు. ఆ అరగంటలో మూడు తరాల పనివారి చదువు కంటికి కనిపిస్తుంది. పదేళ్లుగా ప్రతిదినమూ ఆ దారిని నడిచిన గైడు ఆనాటి వరకూ దానిని చూడలేదు.

అప్పటి నుంచి ఆయనకు ఒక అలవాటు పట్టుబడింది. సెలవు రోజున ఒంటరిగా ఒక కట్టడానికి వెళ్లి, విన్నదంతా ప్రక్కన పెట్టి, రాయి ఏమి చెబుతున్నదో చూడడం. కుతుబ్ మీనార్ పచ్చికలో ఒంటరిగా కూర్చున్న చిన్న మండపాన్ని ఏదో రాజకుమారి విహారమండపమని చెబుతూ వచ్చారు. అది ఒకప్పుడు మీనార్ నెత్తిన ఉండేదని తేలింది. 1803 భూకంపంలో శిఖరం పడిపోగా, 1828లో మేజర్ రాబర్ట్ స్మిత్ అనే ఇంజనీరు బెంగాలీ ఫక్కీలో ఒక కొత్త శిఖరం కట్టి పెట్టాడు. అది మీనార్‌కు నప్పలేదని 1848లో గవర్నర్ జనరల్ హార్డింజ్ దింపించాడు. లేని రాజకుమారి కంటె ఉన్న మేజరు గారి భంగపాటు యాత్రికులకు ఎక్కువ నచ్చింది.

అదే మీనార్‌లో ఇంకొక సంగతి ఉన్నది. 1369లో పిడుగు పడి పై అంతస్తు పాడైనప్పుడు సుల్తాన్ ఫిరోజ్ షా తుగ్లక్ దానిని బాగుచేయించాడు. ఆ మరమ్మతు చేసిన పనివారు నాగరి లిపిలో ఒక శాసనం చెక్కుకున్నారు. తమ పని విశ్వకర్మ అనుగ్రహం వల్ల పూర్తి అయినదని అందులో చెప్పుకున్నారు. సుల్తాన్ కట్టడం మీద, అరబ్బీ అక్షరాల సరసన, విశ్వకర్మ పేరు! కట్టించినవారి పేర్లు వల్లించడమే తన పని అనుకున్న గైడుకు కట్టినవారి గొంతు మొదటిసారి వినిపించింది.

ఈ ఫిరోజ్ షాయే కుతుబ్‌కు ఉత్తరాన, యమున ఒడ్డున, ఫిరోజాబాద్ అనే కొత్త నగరాన్ని నిర్మించాడు. ఇప్పుడు మిగిలిన దాని కోటను ఫిరోజ్ షా కోట్లా అంటారు. ప్రక్కనే ఉన్న క్రికెట్ మైదానం వల్ల ఆ పేరు తెలియనివారు లేరు. మైదానం ప్రక్కన ఏమున్నదో తెలిసినవారు తక్కువ. అక్కడ మెట్లు మెట్లుగా లేచిన ఒక శిథిల భవనం మీద నున్నని ఏకశిలాస్తంభం నిలిచి ఉన్నది. అది అశోకుని స్తంభం. అంబాలా వైపున ఉన్న తోప్రా గ్రామం నుంచి దానిని తెప్పించిన విధానాన్ని షంస్ సిరాజ్ అఫీఫ్ అనే చరిత్రకారుడు తన ‘తారీఖె ఫిరోజ్ షాహీ’లో సవిస్తరంగా వర్ణించాడు. స్తంభం పడేచోట బూరుగుదూది పరిచారు. రెల్లుతోనూ, పచ్చితోళ్లతోనూ దానిని చుట్టారు. 42 చక్రాల బండి మీదికి ఎక్కించారు. ఒక్కొక్క చక్రానికి ఒక మోకు, ఒక్కొక్క మోకుకు 200 మంది మనుషులు. నది వరకు లాగి, పడవల మీద ఢిల్లీ చేర్చారు.

అంత శ్రమపడి తెచ్చిన స్తంభం మీద ఏమి వ్రాసి ఉన్నదో చెప్పగలవారు ఆ కాలంలో ఒక్కరూ లేకపోయారు. సుల్తాన్ పండితులను పిలిపించి అడిగాడు. ఆ లిపి ఎవరికీ కొరుకుడు పడలేదు. 1837లో జేమ్స్ ప్రిన్సెప్ బ్రాహ్మీ లిపిని ఛేదించిన తరువాతనే అవి అశోకుని ధర్మలిపులని లోకానికి తెలిసింది. అక్కడితో కథ ముగియలేదు. 1966లో దక్షిణ ఢిల్లీలోని బహాపూర్ దగ్గర, కొత్త కాలనీలు వెలుస్తున్న చోట, ఒక బండ మీద అశోకుని లఘు శిలాశాసనం బయటపడింది. కర్నూలు జిల్లా ఎర్రగుడిలో ఉన్న లఘు శాసనాలకు అది తోబుట్టువు. ఇరవై రెండు శతాబ్దాలు ఆ బండ ఎక్కడికీ పోలేదు. దాని మీద మేకలు ఎక్కాయి, పిల్లలు జారారు. అక్షరాలు ఉన్నవని చూసినవాడు లేకపోయాడు. గైడు ఈ సంగతి చెప్పేటప్పుడు ఒక మాట కలుపుతారు: “రాయి దాచిపెట్టదండి. మనమే అడగము.”

అడగవలసిన ప్రశ్నను ఆయనకు అందించినది మాత్రం వరంగల్లు నుంచి వచ్చిన ఒక ముసలమ్మ. హుమాయూన్ సమాధి ఆవరణలో అడుగుపెట్టగానే కుడిచేతి వైపు ఈసా ఖాన్ సమాధి ఉన్నది. హుమాయూన్ సమాధి కంటె ఇరవై ఏళ్లకు పైగా పాతది, 1547–48 నాటిది. ఎనిమిది మూలలు, చుట్టూ వసారా, ఒక్కొక్క వైపున మూడేసి కమానులు, నడుమ పెద్ద గుమ్మటం. ఎండకు తాళలేక ఆమె ఆ వసారా మెట్ల మీద కూర్చుండిపోయింది.

“బిడ్డా, ఇన్ని కోటలు, ఇన్ని గోరీలు చూపిస్తివి. ఇండ్ల మనోళ్లు కట్టింది ఒక్కటన్న లేదా?” అని అడిగింది.

“లేదమ్మా. మనవాళ్ల కట్టడాలన్నీ మన దగ్గరే,” అన్నారు గైడు.

ఆమె కాసేపు ఆలోచించి, “కూలికన్న రాలేదా మనోళ్లు?” అన్నది.

గైడు నవ్వి ఊరుకున్నారు. కాని ఆ రాత్రి ఆయనకు నిద్ర పట్టలేదు. మేస్త్రీ నేర్పిన పాఠం ప్రకారం చూస్తే, ‘లేదు’ అని చెప్పేముందు తాను వెతికి చూశారా? వెతకలేదు. తెలియదు అనవలసిన చోట లేదు అన్నారు. ఈ రెండు మాటలకూ ఎంత తేడా ఉన్నదో ఆయనకు ఆనాడే అర్థమైంది.

స్తంభం కథ కోసం తిరగవేసిన అఫీఫ్ గ్రంథంలోనే సమాధానం ఉన్నది. ఫిరోజ్ షా వజీరు ఖానె జహాన్ మక్బూల్‌ను గురించి అఫీఫ్ ప్రత్యేకంగా వ్రాశాడు. అతడు తెలంగాణానికి చెందిన హిందువు, పూర్వనామం కన్నూ, ఆ దేశపు రాజు వద్ద గొప్ప పదవిలో ఉన్నవాడు. రాజును ఢిల్లీకి పంపుతుండగా దారిలో మరణించాడు. కన్నూ సుల్తాన్ ముహమ్మద్ బిన్ తుగ్లక్ ఎదుటికి వచ్చి, ఇస్లాం స్వీకరించి, మక్బూల్ అయ్యాడు. ఇంతవరకూ అఫీఫ్ మాట.

తెలుగు చరిత్ర చదివినవారికి తక్కినది తెలుస్తుంది. ఆ రాజు కాకతీయ ప్రతాపరుద్రుడు. 1323లో ఓరుగల్లు పడిపోయింది. బందీగా వెళుతున్న ప్రతాపరుద్రుడు నర్మదా తీరాన తనువు చాలించినట్లు ప్రోలయనాయకుని విలస తామ్రశాసనం వల్ల తెలుస్తున్నది. ప్రతాపరుద్రుని సేనానులలో గన్నయ ఒకడు. తిక్కన శిష్యుడైన మారన తన ‘మార్కండేయ పురాణం’ అంకితమిచ్చినది ఆ గన్నయ సేనానికే. అఫీఫ్ చెప్పిన కన్నూ ఈ గన్నయేనని కొందరు తెలుగు చరిత్రకారులు నిర్ణయించారు. మక్బూల్‌కు చదవడం వ్రాయడం రాదని అఫీఫ్ అంటాడు. పురాణం అంకితం పొందినవానికి అక్షరాలు రాకపోవడమేమిటని శంక కలుగుతుంది. అది పారసీక లిపికి సంబంధించిన మాట కావచ్చునని సమాధానం చెప్పుకుంటారు. పేరు విషయంలో వాదం ఉన్నా, అతడు తెలుగు దేశం నుంచి వెళ్లినవాడనే విషయంలో వాదం లేదు. చరిత్ర అతనిని ఖానె జహాన్ మక్బూల్ తిలంగానీ అనే పిలుస్తుంది.

ముల్తాన్ పాలకుడుగా, ఉపమంత్రిగా పని చేసిన మక్బూల్ 1351లో ఫిరోజ్ షా గద్దె ఎక్కినప్పుడు వజీరు అయ్యాడు. సుల్తాన్ దండయాత్రలకు వెళ్లినప్పుడెల్లా రాజధాని అతని చేతిలో ఉండేది. ఒక పర్యాయం సుల్తాన్ సైన్యంతో కచ్ ఎడారి చిత్తడిలో దారి తప్పాడు. ఆరు నెలలు ఢిల్లీకి ఏ వార్తా రాలేదు. నగరమంతా గుసగుసలు పెరిగాయి. అప్పుడు మక్బూల్ సుల్తాన్ వద్ద నుంచి క్షేమసమాచారం వచ్చినట్లు తానే ఒక ఉత్తరం సృష్టించి, సంబరాలు చేయించి, నగరాన్ని నిలబెట్టాడు. సుల్తాన్ ప్రాణాలతో తిరిగి వచ్చాడు. గద్దె యథాతథంగా అతని కోసం వేచి ఉన్నది. ఢిల్లీకి అసలు రాజు ఖానె జహానేనని ఫిరోజ్ షా తరచు అనేవాడట. అశోకస్తంభం ఢిల్లీకి వచ్చిననాడు ఆ రాజ్యానికి వజీరు ఈ తెలుగువాడే.

అతని సమాధి ఎక్కడ ఉన్నది? మౌల్వీ జఫర్ హసన్ సంకలనం చేసిన ఢిల్లీ కట్టడాల జాబితా సంపుటాలు 1916–22 మధ్య వెలువడ్డాయి. వాటి సాయంతో గైడు నిజాముద్దీన్ బస్తీలో అడుగుపెట్టారు. హుమాయూన్ సమాధికి రోడ్డు దాటితే ఆ బస్తీయే. దర్గాకు వెళ్లే దారిలో గులాబీల దుకాణాలు, కబాబుల పొగ, అత్తరు వాసన. అక్కడి నుంచి సందులోకి, సందులోంచి ఇంకో సందులోకి. నలుగురిని అడిగిన మీదట ఒక కుర్రవాడు వ్రేలితో చూపించాడు. ఇళ్ల గోడలు నాలుగు వైపులా అల్లుకుపోగా, ఆ గోడల నడుమ నుంచి ఒక పాత గుమ్మటం తల ఎత్తి చూస్తున్నది.

గైడు మొదట మూలలు లెక్కపెట్టారు. ఎనిమిది. ఒక్కొక్క వైపున కమానులు లెక్కపెట్టారు. మూడు. చుట్టూ వసారా, నడుమ అష్టభుజి గది, పైన గుమ్మటం. ఎక్కడ చూశారు దీనిని? వరంగల్లు ముసలమ్మ ఎండకు తాళలేక కూర్చున్న మెట్లు జ్ఞాపకం వచ్చాయి.

ఢిల్లీలో వసారా చుట్టిన అష్టభుజి సమాధులకు ఆద్యం తిలంగానీ సమాధియేనని వాస్తుచరిత్రకారులు వ్రాస్తారు. 1368–69 ప్రాంతంలో అతని కుమారుడు జౌనాన్ షా దానిని కట్టించాడు. అంతకు ముందు సుల్తానుల సమాధులు సామాన్యంగా చతురస్రాలు. ఈ కొత్త రూపాన్నే తరువాత లోడీ ఉద్యానవనంలోని ముహమ్మద్ షా సయ్యద్ సమాధి, సికందర్ లోడీ సమాధి అనుసరించాయి. ఈసా ఖాన్ సమాధి అనుసరించింది. బీహారులోని సాసారాంలో చెరువు నడుమ నిలిచిన షేర్షా సమాధి దానినే బ్రహ్మాండంగా పెంచింది. రెండు వందల ఏళ్లపాటు ఉత్తరదేశపు ప్రభువులు ఏ నీడన నిద్రించాలని కోరుకున్నారో, ఆ నీడకు మొదటి నమూనా ఓరుగల్లు నుంచి వెళ్లినవాని మీద లేచింది. మనవాళ్లది ఒక్కటీ లేదని గైడు చెప్పిన మాటకు సాక్షిగా నిలిచిన కట్టడం, ఆ ‘ఒక్కటి’కి వారసురాలే.

జౌనాన్ షా కూడా తండ్రి బిరుదుతో వజీరు అయ్యాడు. అతడు ఏడు మసీదులు కట్టించాడని ప్రతీతి. 1370–71 నాటి కాలీ మసీదు తండ్రి సమాధికి దగ్గరలోనే ఉన్నది. తుర్క్‌మాన్ దర్వాజా వద్ద ఉన్న కలాన్ మసీదు 1387 నాటిది. దక్షిణ ఢిల్లీలోని ఖిడ్కీ గ్రామంలో మసీదు నిర్మాణం మరీ అపురూపం. ఆవరణ అంతా ఆరుబయలుగా వదలక కప్పు వేసి, నడుమ నాలుగు ముంగిళ్లను గాలికీ వెలుతురుకూ విడిచారు. జాలీ కిటికీల వల్ల దానికి ఆ పేరు వచ్చింది. 2018లో అక్కడ శుభ్రం చేస్తుండగా 254 రాగి నాణేలు దొరికాయి. రోడ్డుకు ఆవలి ప్రక్కన ఉన్న షాపింగ్ మాల్‌కు వేలాదిగా వచ్చే జనంలో, ఈవలి ప్రక్కన తెలుగు వజీరు కుమారుని కట్టడం ఉన్నదని ఎరిగినవారు ఎందరో!

ఇంత తెలుసుకున్న గైడు సంతోషంతో తరువాతి బృందానికి ఈ కథ చెప్పారు. ఆయన ఊహించని రెండు జవాబులు ఎదురయ్యాయి. ఒకాయన రొమ్ము విరుచుకొని, “అయితే మనవాడు ఢిల్లీని ఏలాడన్నమాట!” అన్నారు. ప్రక్కనే ఉన్న మరొకాయన ముఖం చిట్లించి, “పేరు పోయి, మతం పోయి, సొంత రాజును పట్టుకుపోయినవారి కొలువులో చేరినవాడు మనవాడెలా అవుతాడండీ?” అన్నారు. బస్సులో వాదం చెలరేగింది. రాజ్‌ఘాట్ వచ్చేవరకూ ఆగలేదు. యాత్రలు నడిపే సంస్థవారికి ఫిర్యాదు వెళ్లింది. జాబితాలో లేని సంగతులు చెప్పి ప్రయాణికులను కలత పెట్టవద్దని గైడుకు హెచ్చరిక వచ్చింది.

పాత కథలకు తిరిగి పోవడం సులభం. రాజకుమారి విహారమండపం ఎవరినీ కలత పెట్టదు. రెండు పక్షాలలో ఒకదానిని ఎంచుకోవడం ఇంకా సులభం. పొగిడితే ఒక వర్గం, తెగిడితే ఒక వర్గం చప్పట్లు కొడుతుంది. గైడు ఈ రెండూ చేయలేదు. ఆయన చెప్పే తీరు మార్చుకున్నారు. ఇప్పుడు ఆయన మక్బూల్ కథను ఓరుగల్లు పతనంతో మొదలుపెడతారు. కోట పగిలిన సంగతి, రాజు దారిలో మరణించిన సంగతి ముందు చెబుతారు. బందీకి ఏయే దారులు మిగిలి ఉన్నవో వినేవారినే ఆలోచించుకోమంటారు. ఆపైన అతడు చేసిన పని చెబుతారు. చివరకు ఇలా అంటారు: “అతడు చేసినది ఒప్పో తప్పో నేను తేల్చనండి. అతడు ఉన్నాడు. ఇక్కడే ఉన్నాడు. ముందు చూడండి, తరువాత తీర్పు చెప్పండి.”

చూడడానికి వ్యవధి ఎంత ఉన్నదన్నది అసలు ప్రశ్న. ఢిల్లీలో కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఎన్నో కట్టడాలు ఉన్నాయి. నగరంలో చరిత్ర గల కట్టడాల సంఖ్య అంతకు అనేక రెట్లు. రక్షణలో ఉన్నవాటికే భద్రత లేదు. దేశం మొత్తం మీద 3,693 రక్షిత కట్టడాలకు గాను 50 కనిపించకుండా పోయినట్లు 2022లో ప్రభుత్వమే పార్లమెంటుకు తెలియజేసింది. వాటిలో 14 పెరిగే పట్టణాల క్రింద, 12 జలాశయాల క్రింద కలిసిపోయాయి; 24 ఎక్కడ ఉన్నవో జాడ లేదు. ఆ జాడ తెలియనివాటిలో రాజధాని నగరానివి కూడా ఉన్నాయి. ఎవరూ ఒక రాత్రిలో వాటిని ఎత్తుకుపోలేదు. ఒక గోడ ఆసరాగా ఒక ఇల్లు, ఇంటికి ఆసరాగా ఇంకొక గది, ఒక కమానుకు ఒక తలుపు. బ్రతుకుతెరువు కోసం వచ్చినవాడు నిలువనీడ చూసుకుంటాడు. అతనిని నిందించి లాభం లేదు. ఆ రాళ్ల పేరు అతనికి చెప్పినవాడు లేకపోవడమే లోపం. పేరు మరచిన కట్టడం వట్టి రాళ్లకుప్ప అవుతుంది. రాళ్లకుప్పను తీసివేయడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు.

అందుకే గైడు అడపాదడపా, కోరి వచ్చిన నలుగురైదుగురిని వెంటబెట్టుకొని బస్తీ సందులలోకి వెళుతున్నారు. దీనికి వేరే రుసుము తీసుకోరు. అక్కడి పిల్లలకు ఆయన ముఖపరిచయమే. మొదట్లో గుమ్మటం చూపించడానికి చిల్లర అడిగిన కుర్రవాళ్లు ఇప్పుడు కమానుల లెక్క తామే ఒప్పజెబుతున్నారు. తమ వాడలో ఢిల్లీని నడిపిన వజీరు ఉన్నాడని, అతడు చాలా దూరం నుంచి వచ్చినవాడని వారు క్రొత్తవారికి చెబుతారు. దూరం నుంచి వచ్చిన సంగతి వారికి సులభంగా అర్థమవుతుంది. వారిలో చాలామంది తాతలూ ఎక్కడెక్కడి నుంచో వచ్చినవారే.

పెద్ద బస్సులోనివారికి సందులలోకి వెళ్లే తీరిక ఉండదు. వారిని ఆయన ఈసా ఖాన్ సమాధి మెట్ల మీద ఐదు నిమిషాలు కూర్చోబెడతారు. మూలలు లెక్కపెట్టమంటారు, కమానులు లెక్కపెట్టమంటారు. పడమటి వైపు రోడ్డు ఆవల ఇళ్ల మధ్య దీని పెద్దక్క ఉన్నదని, ఆమెది మన ఊరి సంబంధమని చెబుతారు. ముసలమ్మ అడిగిన మొదటి ప్రశ్నకు అది జవాబు. కూలికి వచ్చినవారిని గురించి ఆమె అడిగిన రెండవ ప్రశ్నకు ఆయన దగ్గర పేర్లు లేవు. కుతుబ్ మీద విశ్వకర్మకు మొక్కిన చేతులను, మోకుకు 200 మంది చొప్పున స్తంభాన్ని లాగిన చేతులను చూపిస్తారు. ఎవరి ఊరివారో తెలియకపోయినా, వారి పని నిలిచి ఉన్నది. చేతితో తాకి చూడవచ్చును.